నాలుగు కిలోమీటర్లు వెనక్కి

బందరు టైర్ల షెడ్డులో ఖాదర్ జీపుకి పెద్ద టైర్లు బిగిస్తున్నాడు. ఆ జీపు తనే నడుపుకుంటూ నాగాయలంక వైపు ఊళ్ళు తిరిగే నర్సు సత్యవాణి పక్కనే నిలబడి చూస్తోంది.

“వీటితో మైలేజీ పడిపోద్దండి. స్టీరింగూ బరువెక్కుద్ది.”

“బురదలో దిగబడకపోతే చాలు భాయ్.”

“ఇంకోటండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకి రాసుకుంటుంది. ఒక్క తిప్పుకి బండి మళ్లదు.”

“రొయ్యల చెరువుల గట్టు మీద మళ్లించే చోటెక్కడిది? వెళ్లింది వెళ్లినట్టే రివర్సులో రావడమే.”

“ఎంత దూరమండి?”

“నాలుగు కిలోమీటర్లు.”

ఖాదర్ చేతిలో పానా ఆగిపోయింది.

“మొన్నటి వానలో కూడానా?”

“వెనక సీట్లో అమ్మాయికి నొప్పులొస్తుంటే ఆగుతామా?”

ఆఖరి నట్టు బిగించి లేచాడు. జీపు తాళాలు రెండు చేతులతో అందించాడు.

“షెడ్డులోంచి వెనక్కి మీరే తియ్యండమ్మా. నేను చూస్తాను.”