కరువు నాటకానికి కట్టిన పర్దా

“తాతా, నీ బొమ్మలల్ల ఎప్పుడు సూసినా బండగుట్టలేనా? ఒక్క సముద్రమన్న గియ్యలే ఎందుకు?”

సముద్రమా? నేను దాన్ని సూసిందే అరవై ఏండ్లు దాటినంక, గది గూడ మీ నాయిన తోల్కపోతే. సూడనిది గీసుడు అబద్ధం చెప్పినట్టే బిడ్డా. గా మాట నేను దెబ్బదిని నేర్సుకున్న. సక్కగ కూసో, చెప్త.

అరవై తొమ్మిదిల తెలంగాణ కొట్లాట నడిచింది సూడు, గప్పుడు బడులన్ని బందువడ్డయి. నేను జనగామల సదువుతుంటి. మేం గూడ జాజుతోటి గోడల మీద జై తెలంగాణ అని రాసినం. జాజంటే, అరుగులకు పూస్తరు గదా ఎర్రమన్ను, గది. పోలీసులు తిరుగుడు ఎక్కువయ్యేసరికి బాపు నన్ను నర్మెట్ట దిక్కు మా ఊరికి తీస్కచ్చి నాగలి చేతికిచ్చిండు. నాకేమో బొమ్మల పిచ్చి. “వరంగల్ పోయి డ్రాయింగ్ నేర్సుకుంట బాపు” అంటే కండ్లెర్రజేసిండు. ఆయన ముంగట మా పెద్దత్త గూడ కూసోకపోయేది. పెద్దత్తంటే, పాలకుర్తిల ఇచ్చినం, సకినాలు ఆమె చుట్టినట్టు ఎవ్వలు చుట్టకపోదురు... యాడున్న? ఆ, బాపు.

గా ఎండకాలమే మా ఊరి పోరగాండ్లు నాటకం కట్టిండ్రు. కరువొచ్చి ఊరిడిసిపోయే రైతు కథ. ఎనక కట్టే పర్దా మీద ఊరి బొమ్మ నన్ను గియ్యమన్నరు. బాపు ఒక్కటే మాటన్నడు. “ఊరు మెచ్చితే వరంగల్ పో. మెచ్చకుంటే మల్ల రంగుల ముచ్చట ఎత్తొద్దు.” ఆయన మాటంటే మాటే.

అమ్మ నెయ్యి అమ్మి రంగుపొడి కొనిచ్చింది. నేనేం జేసిన? షావుకారి దుకాణంల ఉన్న క్యాలెండర్ సూసి దించిన. నిండు ఏరు, ఏట్ల పడవ, ఒడ్డుపొంటి కొబ్బరిచెట్లు. ఆటకు ముందటిరోజు మాపటికి పర్దా కట్టి సూపెట్టినం. ముందుగాల అందరు అబ్బ అన్నరు. అంతల మా పక్కింటి ఎల్లవ్వ, సంకల బిందె వెట్టుకొని ఆగింది.

“గిదేం ఊరు కొడుకా?”

“మన ఊరే అవ్వా.”

“గన్ని నీళ్ళుంటే నేను వాగుల చెలిమె కాడ పానం తీసుకునుడెందుకురా!”

రైతు వేషం కట్టేది రాములు. వాడు ఊకుంటడా? “ఓ చిన్న పటేలా! గా ఏట్ల నాలుగు బిందెలు ముంచుకుంటే కరువు ఒడిసె, నాటకం ఒడిసె! మేం వలస పడవల పోవాల్నా?” అన్నడు. ఇగ ఊరంత పడి పడి నవ్వింది. బాపు నవ్వలే. తువ్వాల దులిపి భుజానేసుకొని ఇంటికి పోయిండు.

తెల్లారి వాగుకు పోయిన. గా వాగు దాటుకుంటనే పెరిగిన గని, ఎన్నడు కూసోని సూసింది లేదు. ఎల్లవ్వ ఇసుకల గుంట తవ్వి, మోకాళ్ళ మీద వంగి, ముంతతోటి తోడుతాంది. చెలిమె అంటే గా గుంటే. నీళ్ళు ఊరేదాంక ఆగుతది, మల్ల తోడుతది. తొందర లేదు, తిట్టు లేదు. శానసేపు సూసిన.

రంగుపొడి అయిపోయింది. ఇంటికొచ్చి జాజు, బొగ్గు, సున్నం తుమ్మజిగురుల కలిపిన. పర్దాను మర్లేసి ఎనక దిక్కు గీసిన. ఎర్ర చెల్క నేల, నల్ల బండలు, ఎండిన వాగు, వంగిన మనిషి. గంతే.

పొద్దుగూకినంక ఆట మొదలువెట్టిండ్రు. పర్దా సూసి ఒక్కలు నవ్వలే. ముంగట కూసున్న ఎల్లవ్వే అరిచింది: “అగ్గో, గది నేనే గదనే! నా నడుం గూడ సక్కగ ఉంచలే సూడు ముండకొడుకు!” రాములు ఊరిడిసిపోయే మాట చెప్పుకుంట ఎనకకు మర్లి గా వాగు దిక్కు సూసిండు. గది నేర్పింది గాదు, వానికే తోచింది. ఆడోల్లు కొంగులు కండ్లకద్దుకున్నరు. బాపు మొకం నాకు కనవడలే.

పొద్దుగాల నేను ఎడ్లను కట్టబోతే ఆయనొచ్చి పగ్గం గుంజుకున్నడు. “నీకు రాని పని నీకెందుకు? వరంగల్ బస్సు పోతది, ఉరుకు” అన్నడు. తిట్టిండో మెచ్చిండో, నాకు ఇప్పటికీ తెల్వది.

ఎనభైలల్ల అడివి నడుమ కాటారం బడిల డ్రాయింగ్ సారునైన. అడివి నాకు కొత్త. అందుకే శాన దినాలు కుంచె ముట్టలే, తిరుక్కుంట సూసిన. ఇప్పపువ్వు ఏరేటోల్లు ఎట్ల వంగుతరు, మొగులు కమ్మితే ఆకు ఏ రంగుకు తిరుగుతది అని. కల్లు ముట్టలే, బీడి ముట్టలే. చెయ్యి వణికితే గీత వణుకుతది. మనిషి సక్కగుంటేనే పని సక్కగుంటది, ఇంకో తొవ్వ లేదు.

నువ్వు గూడ గీస్తవటగా. రోజు కాలేజీకి పోంగ ఏం కనవడుతది? బస్టాండు కాడ పూలమ్మే ఆమెనా? మంచిది. దారం ఏ వేలికి చుట్టుకుంటది? సూడలే? మరి ఈడ నా మొకం సూసుకుంట ఎందుకు కూసున్నవ్? పో తల్లీ, పో. నీ కండ్లు సల్లగుండ, నీ చెయ్యి సల్లగుండ.