రెండు సుళ్ల పటం

ముందు ఆ స్టూలు మీద కూర్చో. వెలుతురు వైపు తిరుగు. అబ్బబ్బ, ఇదేం తలరా అబ్బాయ్, తెల్ల కాగితం మీద ఎర్ర సిరాతో రైలు మార్గాలు గీసినట్టుంది! ముందు రెండు, చెవి పైన మూడు, వెనకాలవి తర్వాత లెక్కపెడతాను. దేంతో గీసుకున్నావు? ఏదీ, ఆ పెట్టె ఇలా ఇయ్యి. ఓహో, మీ తాతగారి మడత కత్తి! యాభై ఏళ్లుగా సాన ముఖం చూడని కత్తి, పైగా పొడి తల. ఊళ్లో సగం తలల్ని నున్నగా చేసిన మనిషికి మనవడివి నువ్వు, నీకున్నది ఒక్కటే తల, దానికి ఈ గతి పట్టించావు. సరే, కదలకు. పటిక తడిపి అద్దుతున్నాను. చురుక్కుమంటుంది. అంటుందని చెప్పాను కదా, ఆ కేకలెందుకు?

ఏమన్నావు? మళ్లీ అను. "మా తాత దుకాణం మూయించిన మనిషి ఇంట్లోనే పటిక రాయించుకుంటున్నాను" అనా? బాగుంది. మీ ఇంట్లో ఈ మాట మూడు తరాలుగా నడుస్తోందని నాకు తెలుసు. మీ నాన్న నాకు బజార్లో ఎదురైతే చెప్పుల షాపు అద్దాల్లోకి చూస్తాడు, ఆయనకి చెప్పుల మీద అంత మోజేమిటో నాకెప్పుడూ అర్థం కాలేదు. మా పెదనాన్న నలుగురిలో మీ తాతని అవమానించాడు, ఆ దిగులుతో మీ తాత దుకాణం మూసేశాడు. ఇదే కదా కథ? ఒక కథ అందరూ ఒకేలా చెబుతున్నారంటే అది నిజమనుకోకు, ఒకరి దగ్గర ఒకరు విన్నారని మాత్రమే అనుకో. నిజానికి అందరూ ఒకేలా కూడా చెప్పరు. గొడవ మీసం దగ్గర వచ్చిందంటారు కొందరు. మా పెదనాన్నకి మీసమే లేదు. ఎలక్షన్ల దగ్గర వచ్చిందంటారు ఇంకొందరు. ఇద్దరూ ఒకే పార్టీని తిట్టేవారు, అందులో ఇద్దరికీ ఎక్కడా తేడా రాలేదు. గొడవ జరిగిన రోజున నేను ఆ సెలూన్లోనే ఉన్నాను, వరసలో నాలుగోవాణ్ణి. చూసినవాణ్ణి కనక నేను చెప్పేది కూడా కాస్త అనుమానిస్తూనే విను.

మీ తాతది మూడద్దాల సెలూన్. ఎదురుగా ఒకటి, పక్కల రెండు. కుర్చీలో కూర్చున్నవాడికి తన తల వెనక భాగం తనకే కనిపించేది. చాలామంది మొదటిసారి అక్కడే చూసుకుని, "ఇంత ఊడిందా!" అని గోలపెట్టేవారు. మీ తాత ఎంతో నింపాదిగా, "ఊడింది నాకు పదేళ్లుగా తెలుసండీ, మీకు చెప్పడం బాగుండదని ఊరుకున్నాను" అనేవాడు. మా పెదనాన్న సర్వే ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగి, నేను అదే గదిలో ఆయన చేతికింద పనిచేసేవాణ్ణి. ఊరంతా ఆయన్ని పటాలాయన అనేది. పెన్సిలు చెక్కడానికి పావుగంట తీసుకునే మనిషి. ముప్పైకే జుట్టు పలచబడింది. ఉన్న నాలుగూ ఎందుకని ఆదివారం ఆదివారం పొద్దున్నే ఎనిమిదింటికి మీ తాత చేత నున్నగా గీయించుకునేవాడు. పంతొమ్మిదేళ్లు, ఒక్క వారం తప్పకుండా. మీ తాత చెయ్యి కూడా ఎలాంటిదనుకున్నావు? గీస్తున్నట్టు తెలిసేది కాదు, లేచి తడుముకుంటే తెలిసేది.

సరే, ఆ రోజు. 1968 ఏప్రిల్ 21, ఆదివారం. తేదీ నాకెలా తెలుసో తర్వాత చెబుతాను. సెలూన్లో పదకొండు మంది ఉన్నాం. మీ తాత నురగ పట్టించాడు, కత్తి అందుకున్నాడు. కత్తి ఇంకా తలకి తగల్లేదు, ఇది గుర్తుపెట్టుకో. మా పెదనాన్న చటుక్కున లేచి నుంచున్నాడు. "ఈ అద్దం రెండు డిగ్రీలు వంకర!" అన్నాడు. మీ తాత, "ఏమిటండీ?" అన్నాడు. "వంకర! పంతొమ్మిదేళ్లుగా నేను వంకర అద్దంలో చూసుకుంటున్నాను! ఇక నీ గడప తొక్కితే ఒట్టు!" అని, మెడలో తువ్వాలుతో, నెత్తిన నురగతో, నడిబజార్లోంచి ఇంటికి నడిచిపోయాడు. కిళ్లీ కొట్టు దగ్గర ఎవరో, "పటాలాయనా, నెత్తిమీద అదేమిటి, మంచు పడిందా?" అని కూడా అడిగారు. సెలూన్లో అందరం పొట్టచెక్కలయ్యేలా నవ్వాం. పిచ్చి ముదిరిందన్నాం. మీ తాత పక్షమే మాట్లాడాం. ఇప్పుడు నువ్వు చెప్పు, అవమానం జరిగింది ఎవరికి?

అదిగో, "మరి ఆగస్టులో దుకాణం ఎందుకు మూశాడు?" అంటావు. వస్తున్నాను. తల కొంచెం వంచు. ఇక్కడేదో లోతుగా దిగింది. నువ్వు ఎదురు గీశావా? వెంట్రుక ఎటు పడుకుంటే కత్తి అటే నడవాలి నాయనా, అదీ మొదటిసారి తలకి. ముందు పొడుగు వెంట్రుకలు కత్తెరతో తీసెయ్యాలి. వేడినీళ్ల తువ్వాలు కాసేపు చుట్టాలి. నురగ పట్టించి రెండు నిమిషాలు ఆగాలి. అప్పుడు ఒక చేత్తో చర్మం లాగిపట్టి, రెండో చేత్తో కొంచెం కొంచెంగా. నొక్కకూడదు. నురగ లేనిచోట మళ్లీ గీయకూడదు. చివర్న చన్నీళ్లు. సెంటు వాసన వచ్చే నీళ్లేవీ రాయకూడదు. ఇవన్నీ నాకెలా తెలుసు? మా పెదనాన్న నేర్చుకుంటుంటే చూశాను. చూడటం ఏమిటి, విన్నాను. ఇల్లంతా వినేది.

ఆయన ముందు బుడగ మీద నేర్చుకున్నాడు. పిల్లలు ఎగరేసే రబ్బరు బుడగ. దాన్ని ఊది, నురగ పట్టించి, పగలకుండా కత్తితో తీసెయ్యాలి. పగలకుండా అన్నది ఆయన ఆశ. పొద్దున్న ఆరింటికి స్నానాలగదిలో ఠాప్! ఆరుంబావుకి ఠాప్! మా పెద్దమ్మ వంటింట్లోంచి, "ఏమండీ, బతికున్నారా?" అనేది. లోపల్నుంచి, "తొమ్మిదోది పోయింది" అని జవాబు. "తల మాట అడుగుతున్నానండీ!" "తల దాకా ఇంకా రాలేదు." పక్కింటావిడ మా పెద్దమ్మని పిలిచి, "మీ ఇంట్లో పుట్టినరోజులు మరీ ఎక్కువైనట్టున్నాయి" అందిట. తల దాకా వచ్చాక ఆఫీసుకి నెత్తిన కాగితం ముక్కలతో వచ్చేవాడు, రక్తం ఆగడానికి అతికించుకున్నవి. ఒకనాడు మా పైఅధికారి పటం మీద వంగి, "ఈ కొత్త చెరువు ఎక్కడిది?" అని అడిగాడు. మా పెదనాన్న తల తడుముకుని, "అది చెరువు కాదండీ, నాది" అన్నాడు.

నవ్వు, కానీ తల కదపకు. అసలు సంగతి ఇప్పుడు వస్తుంది. ఈ బుడగలూ కాగితం ముక్కలూ గొడవ తర్వాతేనని నేను నలభై ఏళ్లు నమ్మాను. ఊరూ నమ్మింది. ఏది ముందో ఏది వెనకో మాలో ఎవరం రాసిపెట్టుకోలేదు. గొడవపడ్డాడు, వేరే సెలూన్‌కి వెళ్లడానికి అహం అడ్డొచ్చింది, తనే నేర్చుకున్నాడు అని. ఆయన పోయాక ఎన్నాళ్లకో బల్ల సొరుగులు ఖాళీ చేస్తుంటే ఇది దొరికింది. ఆ గొట్టం అందుకో. జాగ్రత్తగా, పటాలు గీసే ట్రేసింగు గుడ్డ, మడత పడకూడదు. చూడు. ఏ ఊరి పటమో అనుకుంటావు. కాదు, మా పెదనాన్న తల. పైనుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి, పక్కల రెండు. నీలం బాణాలు వెంట్రుకలు పడుకునే వైపు. ఈ రెండూ సుళ్లు, ఒకటి ఎడమకి తిరుగుతుంది, ఒకటి కుడికి. అందుకే ఆయనకంత కష్టమైంది. ఇంట్లో మూడద్దాలు లేవు మరి, వేలితో తడిమి గీసుకున్నాడు. పచ్చ చుక్కలు తను చేసుకున్న గాట్లు. ప్రతి చుక్క పక్కనా తేదీ. మొదటి పచ్చ చుక్క చదువు. నీకు కళ్లద్దాలక్కర్లేదుగా, చదువు. 1968 జనవరి 9. మంగళవారం. గొడవ ఏప్రిల్ 21న, అదీ ఈ అంచునే రాసుకున్నాడు, తేదీ నాకు తెలిసింది ఇలాగే. అంటే సెలూన్ మానెయ్యడానికి మూడు నెలల ముందునుంచే ఆయన తనంతట తను నేర్చుకుంటున్నాడు. ఆదివారం మీ తాత దగ్గర గీయించుకోవడం, వారం మధ్యలో మొలిచిన దాని మీద తను ప్రయత్నించడం. అద్దం సంగతి అప్పటికప్పుడు పుట్టిన కోపం కాదు.

ఇవి చూడు, వెనకాల రెండు ఎర్ర గుర్తులు. 1967 నవంబరు 12. డిసెంబరు 3. రెండూ ఆదివారాలే. ఆయన పటాల్లో పేరు రాయని పిల్లకాలువ కూడా ఉండదు. ఈ రెండు గాట్లూ ఎవరి చేతివో మాత్రం రాయలేదు. రాయలేదంటే మరిచిపోయాడని కాదు. ఆ చలికాలం మీ తాత టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు. చలికని అనుకున్నాం. మీ నాయనమ్మ చెప్పిందా, చివర్లో చెయ్యి వణికేదని? ఎప్పటినుంచి? తెలియదంటావు. మీ ఇంట్లో తేదీలు రాసిపెట్టరు, అదే చిక్కు. ఆలోచించు. పంతొమ్మిదేళ్లు తప్పని మనిషి ఒక్కసారిగా రావడం మానేస్తే ఊరు కారణం వెతుకుతుంది. వెతికితే మీ తాత చేతుల వైపు చూస్తుంది. అద్దం వంకరంటే పటాలాయనకి పిచ్చంటుంది. అంతే.

ఇది నా ఊహ. ఊహని ఊహ అనే చెప్పాలి. దీంట్లో ఒక బొక్క ఉంది, అందుకే ఇన్నేళ్లూ మీ నాన్న వెంటపడి చెప్పలేదు. ఈ నాటకం మీ తాతకి తెలుసా? తెలియకపోతే, మంచి ఉద్దేశంతో అయినా మా పెదనాన్న ఆయన మనసు విరిచినట్టే, మీ ఇంట్లో మాట నిజమే అవుతుంది. పటం అడుగున మూలన ఒక పంక్తి ఉంది, చూశావా? ఇది మా పెదనాన్న చేతిరాత కాదు. ఎవరిదో తేల్చడానికి నా దగ్గర రెండో కాగితం లేదు. సంతకం కూడా లేదు.

ఆగాగు. ఆ కత్తి పెట్టె మూత లోపల అంటించిన ఆ చీటీ ఏమిటి? మీ తాత రాసిందేనా? ఖాయంగా? "తుడిచి పెట్టు. తడి ఉంచకు." భూతద్దం ఇలా ఇయ్యి. పక్కన పెట్టు, పటం మీద, ఇక్కడ. తలకట్టు చూడు, ప్రతి అక్షరం మీదా పైకి లేచి కుడికి వాలిపోతోంది. ఇందులోనూ అంతే. వణుకు కూడా అదే వణుకు. గీత గీతకీ అదే.

నువ్వే చదువు నాయనా, నాకు కళ్లు మసకగా ఉన్నాయి. ముందు తేదీ చదువు. 1968 అక్టోబరు 6, ఆదివారం. దుకాణం మూసిన తర్వాత. ఊఁ, చదువు. "చూశాను. ఎడమ చెవి వెనక ఒక వెంట్రుక మిగిలింది. తక్కిన చోటంతా నున్నగా ఉంది."