కొలత గీత లేని బొమ్మ

"అర్సెన్ దుబోస్క్ దొంగ బొమ్మ గీసి కెథడ్రల్ చర్చిని మోసం చేశాడు." ఈ ఉదయం శవపేటిక వెనుక నడుస్తూ కూడా కొందరు ఈ మాట అన్నారు. ఆ నిందకు జవాబు చెప్పడానికే నిలబడ్డాను.

పెద్దలారా, తోటి విద్యార్థినులారా! శ్మశానం నుంచి వానలో తడుస్తూ ఈ బడి హాలుకు ఇంతమంది వచ్చారు. ఆయన లేరన్న మాట నా మనసుకింకా ఎక్కడం లేదు. గోతిలో మట్టి వేస్తుంటే చేతికి చలి తెలియలేదు. ఇప్పటికీ తెలియడం లేదు. నేను క్లెలీని, మన డ్రాయింగ్ బడిలో ఆయన శిష్యురాలిని.

మాస్టారు మమ్మల్ని నేరుగా కెథడ్రల్‌కు తీసుకువెళ్లేవారు కాదు. ముందు ఒక పాత వీరగాథ చదివించేవారు: శాపం తగిలిన రాణి, ఆమె కోసం ఏడ్చే రాతి మృగం. తరువాత గోపురాల కింద నిలబెట్టి, "చూడండమ్మా, రాయి కూడా కథ వింటున్నట్టు లేదూ?" అనేవారు. తిరిగి వచ్చి, చూడకుండా గీయాలి. నీడలకు సిరా చాలకపోతే కాఫీ మడ్డి పూసేవారు. "ఇంట్లో కాఫీ తాగేది మనుషులా, మీ గోపురాలా?" అని మదాం దుబోస్క్ గారు దెప్పేవారు. అమ్మా, ఇప్పుడు మీరు నవ్వినా తప్పులేదు.

అలాంటి బొమ్మ కింద ఆయన కొలత గీత వేసేవారు కాదు. తాడు పట్టి కొలిచి గీసినదానికే ఆ గీత. గీత ఉంటే సాక్ష్యం, లేకపోతే కల్పన. మా బడిలో అందరికంటే చిన్న పిల్లకు కూడా ఇది తెలుసు. కెథడ్రల్ మరమ్మతుల కమిటీకి తెలియదా?

ఉత్తర గోపురం అంచు రాయి విరిగిపడినప్పుడు, అక్కడ ఏ శిల్పం ఉండేదో వెతుకుతూ కమిటీ మా తరగతికి వచ్చింది. మాస్టారు గీసిన ఏడ్చే మృగం బొమ్మను గోడ మీది నుంచి తీసుకుంది. "అయ్యా, అది కథ కోసం గీసింది. కింద కొలత గీత లేదు, చూడండి" అన్నారు మాస్టారు. అధ్యక్షులు మొస్యూ పెరిగార్ నవ్వారు. "మీకు వినయం మరీ ఎక్కువ మాస్టారూ! ఈ మృగం మా తాతగారికి కూడా గుర్తుంది." మాస్టారు ఊరుకోలేదు. "అయితే మీ తాతగారు కూడా ఆ కథే చదివి ఉంటారు!" మేమంతా విన్నాం. అయినా మృగాన్ని చెక్కించారు.

పారిస్ నుంచి వచ్చిన తనిఖీదారు అక్కడ అలాంటి మృగం ఎప్పుడూ లేదని తేల్చాడు. అప్పుడు మోసగాడెవరయ్యారు? చెక్కించినవారు కాదు, వద్దన్నవారు! ఆయన తరగతి లాగేసుకున్నారు. చలికాలమంతా ఆయన గది దాటలేదు. రేపు ఆయన బొమ్మలను కూడా బడి గోడల మీది నుంచి దింపుతారట.

మృగాన్ని పగలగొట్టండి, నాకు అభ్యంతరం లేదు. అది అక్కడిది కాదని మీకు చెప్పింది ఆయనే. కానీ ఆ బొమ్మలు ఎవరినీ మోసం చేయలేదు. వాటిని తాకకండి.

ఇప్పుడు అందరూ లేచి మౌనం పాటించండి. మొస్యూ పెరిగార్, ముందు వరుసలో ఉన్న మీరు కూడా. ఈ మౌనాన్ని ముగించవలసింది నేను కాదు, మీరు. "ఆయన ముందే చెప్పాడు, మేమే వినలేదు" అని మీ నోటితో అనండి. మీరు అనేదాకా ఇక్కడ ఎవరూ కూర్చోరు.