కంట్లో వదిలిన తెలుపు

తెల్ల ట్యూబు ఎందుకు కొన్నావే? షాపువాడు అంటగట్టాడా? అంటగడతాడు, వాడి సొమ్మేం పోయింది! నీళ్ళరంగులు వేసేదానివి, నీకు తెలుపుతో ఏం పని? మా అన్నయ్య యేసుదాసు చూసుంటే ఆ ట్యూబుని కిటికీలోంచి విసిరేసేవాడు, నిన్ను కూడా. నువ్వు చూళ్ళేదులే ఆయన్ని. బాపట్లలో డ్రాయింగు మాస్టారు. రంగుల కోసం రైలెక్కి తెనాలి వెళ్ళేవాడు. బ్రష్షు కొనేముందు కొస నాలిక మీద ఆనించి చూస్తుంటే కొట్టాయన "మాస్టారూ, టిఫిన్ హోటలు పక్క వీధిలోదండి" అనేవాడట. ఈయనకి పౌరుషం ఎక్కడిదీ, ఇంకోటి తీసి నాకేవాడు. "తెలుపు కొనేది కాదమ్మాయ్, వదిలేది" అనేవాడు నాతో. కాగితమే తెలుపు. ఎక్కడ రంగు పెట్టకూడదో తెలిస్తే చాలు, మిగతాది నీళ్ళు చూసుకుంటాయి, ఈ ఒక్క ముక్క తెలియడానికి నా జుట్టు నెరిసింది అనేవాడు. నలుపూ కొనేవాడు కాదు. నలుపు పెడితే బొమ్మలో బావి తవ్వినట్టేనట, ఎవరో ఒకరు పడతారట. నవ్వుతావేం? నేనూ నవ్వాను. బడి ఆరో క్లాసుతో మానేసినా లైబ్రరీ బీరువాలన్నీ తినేసిన దాన్ని, ఇలాంటి మాటలకి నేను పడతానా!

ఎంతదాకా వచ్చాను? ఆఁ, ఆయన మనుషుల మొహాలు కూడా వేసేవాడే. ఆ రోజుల్లో సముద్రపు పల్లెల్లో ఫోటోలెవరికున్నాయి? మనిషి పోతే అన్నయ్యని పిలిచేవాళ్ళు. ఈయన పోయినవాడి తల్లిని ఎదురుగా కూర్చోబెట్టుకుని నుదురు చూసుకునేవాడు, తమ్ముడి దగ్గర ముక్కు అడుక్కునేవాడు, అట్లా ఇంటిల్లిపాదినీ కలిపి ఆ మనిషిని కాగితం మీదికి దింపేవాడు. చూసినవాళ్ళు గొల్లుమనేవాళ్ళు. దానికో పద్ధతి ఉండేది ఆయనకి. బతికున్నవాళ్ళ బొమ్మ వేస్తే కంటిపాపలో ఆవగింజంత కాగితం వదిలేసేవాడు, అదే చూపు. పోయినవాళ్ళకి అది వదిలేవాడు కాదు, రంగు పెట్టి మూసేసేవాడు. "కన్ను మూయడం" అనేవాళ్ళు పల్లెవాళ్ళు. అది మూస్తేగానీ కర్మకి కూర్చునేవాళ్ళు కాదు, అట్లా అలవాటైపోయింది వాళ్ళకి. మా పాస్టరుగారికి ఒళ్ళు మండేది. "ఏంటి యేసుదాసూ ఈ పని, నువ్వేమన్నా దేవుడివా?" అంటే "కాదండి, డ్రాయింగు మాస్టార్నండి" అనేవాడు.

అరవై తొమ్మిది గాలివానకి సూర్యలంక వైపు పడవ ఒకటి పోయింది. అందులో పెద్దిరాజని ఒకడు. శవం కూడా దొరకలేదు. వాళ్ళమ్మ వెంకటసుబ్బులు, చేపలు అమ్మి అమ్మి గొంతు పోయిన మనిషి, అన్నయ్యని పల్లెకి పిలిపించింది. పెద్దిరాజు పెళ్ళాం రత్తాలు, రేపల్లె అవతల నిజాంపట్నం పిల్ల, పెళ్ళయి ఏడాదయినా కాలేదు. బొమ్మంతా అయింది, కళ్ళలో రెండు తెల్ల చుక్కలు మిగిలాయి. రత్తాలు వచ్చి కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది. "వద్దు మాస్టారూ, ఆ చుక్కలు ఉండనియ్యండి. ఆయన వస్తాడు." అత్త ఊరుకుంటుందా? "ఒసేయ్, నీ ఆశకి నా కొడుకుని నీళ్ళమీద తిప్పుతావటే! ఆడికి గట్టు చూపించొద్దూ? మూసెయ్యండి మాస్టారండీ!" తల్లి మాట కాదనలేక మూసేశాడు. సాయంత్రానికి ఒడ్డున ఇసుకలో బొమ్మ పెట్టి, దండ వేసి, రత్తాలు గాజులు పగలగొట్టారు.

మరి వాడు వచ్చాడే! వర్షాలు పోయి చలి మొదలయ్యాక రైలు దిగి నడుచుకుంటూ వచ్చాడు. ఒరిస్సా వైపు ఏదో ఓడవాళ్ళు తీసి ఆస్పత్రిలో పడేశారట. సంబరం చేసుకోవాలా వద్దా? పిల్లలు ఇళ్ళలోకి పరిగెత్తారు. తల్లి గడపలోంచి చూసి "నా కొడుక్కి చెయ్యాల్సింది చేసేశాను, నువ్వెవరివో నాకు తెలీదు" అని తలుపేసుకుంది. ఎందుకో తెలుసా? వాడి కళ్ళు. గుడ్డితనం కాదే, అన్నం కంచం ఎక్కడుందో తెలుసు, దారి తెలుసు. కానీ ఎదురుగా లాంతరు పెడితే ఆ కళ్ళలో లాంతరు కనపడదు. ఎండలో నిలబెట్టినా అంతే, ఎండిన బురద చూసినట్టుండేది. నేను చూశాను కాబట్టి చెబుతున్నా. జబ్బన్నాను, దడుపన్నాను, డాక్టర్ల పుస్తకం ముందేసుకుని వెతికాను. అందులో దొరకలేదు.

వాణ్ణి ఊరి బయట పాకలో ఉంచారు. పున్నమి దాటేలోగా పంపించెయ్యాలని పెద్దలు తేల్చారు. ఆ మర్నాడు పొద్దున్నే రత్తాలు మా ఇంటికొచ్చింది, పాతచీరలో బొమ్మ చుట్టుకుని. "ఆయన కళ్ళలో నేను కనపడట్లేదు మాస్టారూ" అంది. ఏడవలేదు. "మూసింది మీరే, తెరవండి." అన్నయ్య బొమ్మ విప్పి వెలుగులో పెట్టి చూశాడు. "నీళ్ళరంగులో పెట్టింది తియ్యలేమమ్మా. పోయిన తెలుపు రాదు" అన్నాడు. ఆ పిల్ల మెట్టు మీద కూర్చుంది. మంచినీళ్ళిస్తే తాగలేదు, వెళ్ళమంటే వెళ్ళలేదు. ఎండ మెట్టెక్కి గదిలోకి వచ్చేసరికి ఈయన లేచి గడ్డం గీసుకునే బ్లేడు తీశాడు. బ్లేడు మూలతో కుడికన్ను మీద గోకడం మొదలెట్టాడు. గోకితే రంగు పొట్టులా లేస్తుంది, ఊదుతాడు, మళ్ళీ గోకుతాడు. ఉన్నట్టుండి లోపలి కాగితం తెల్లగా తొంగిచూసింది. గదిలో నాలుగో మనిషి చూస్తున్నట్టనిపించింది నాకు.

ఎడమకన్ను దగ్గర బ్లేడు ఆగిపోయింది. ఉప్పుగాలికి అక్కడ కాగితం నానిపోయింది. "చిరుగుతుందమ్మా" అన్నాడు. "చిరిగితే ఏమవుతుంది?" "నాకు తెలీదు." ఆ పిల్ల బొమ్మ వంక చూసింది, చూసింది... "వద్దులెండి మాస్టారూ. ఒక కన్ను చాలు. ఒక్కదాంట్లో నేను కనపడితే చాలు" అని చుట్టుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళేసరికి పెద్దిరాజు పాక ముందు నిలబడి "ఏమే, ఎక్కడికి పోయావు, ఆకలేస్తోంది" అన్నాడట. తల్లి వచ్చి చూసింది, కుడికంట్లో తన మొహం చూసుకుని కొడుకు కాళ్ళమీద పడింది. పంపించెయ్యాలన్నవాళ్ళే చేపల పులుసు పట్టుకొచ్చారు. అన్నయ్య మాత్రం మనిషి మొహం మళ్ళీ ముట్టుకోలేదు. తాటితోపులు, కాలవగట్లు, అంతే. అడిగితే "చెట్లు తిరిగి రావుగా" అనేవాడు.

రత్తాలు మా ఇంటికి వస్తూపోతూ ఉండేది, పిల్లలు పుట్టాక కూడా. ఒకసారి చేపలబుట్ట దించుతూ నేనడిగాను, ఉండబట్టలేక. "ఆ ఎడమకన్ను అట్లాగే ఉందటే?" లేదక్కా అంది. కొన్నాళ్ళకి దాంట్లోనూ కనపడటం మొదలైందట. మంచిదేగా అన్నాను. "నేనే కనపడతానక్కా. ఎనకాల ఇసుక, అలలు. నేను జుట్టు ఇరబోసుకుని ఉంటాను." ముంజేతులు ముందుకు చాచి చూపించింది, నిండా గాజులున్నాయి. "ఆ కంట్లో ఇవి ఉండవు" అంది.

భోజనం దగ్గర, మంచం మీద, గుళ్ళో, బస్సులో, బతికినన్నాళ్ళూ ఆ మనిషి మొగుడికి కుడిపక్కనే కూర్చుంది. ఎడమవైపు చోటున్నా నిలబడేది గానీ...

చినుకులు పడుతున్నట్టున్నాయి. లే, తీగమీద బట్టలు తియ్యి.