ప్యాసేజీ ఎవురిది?

ఏంది మే ఇఫ్ఫత్, ఏమంటివి? మళ్ళా అను. ప్యాసేజా? ఈ మాట నా ఇంట్లో అనగూడదని మీ దాదీ రంజాన్‌బీ సెప్పలేదా నీకు? కూచ్చో, కూచ్చో, లేవద్దు, నిన్నేమీ అనలా. నువ్వు కాలేజీ ఎంట్రెన్సుకి సదవతా ఉండావు, ఇంగ్లీషులో ఇంత బారు కాయితం సదివి కిందుండే కొశ్చన్లకి జవాబు పెట్టాల, దాన్ని ప్యాసేజీ అంటారు. అంతా తెలుసు నాకు. ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు. తెలీకనే గదా మీ దాదాకీ నాకూ చెడింది. ఆయన పోయి ఆరేండ్లాయ. మట్టిలో కలిసినోడి గురించి చెడ్డగా మాట్లాడగూడదంటారు. నేను మాట్లాడతా. నాయబ్ రసూలు మంచోడే, నేను కాదనలా. మంచోడు, అయితే నగినాడు. దానికే నాకు కోపం.

నాకు సదువు రాదని ఈ వీధిలో అందురూ అంటారు. సంతకం వచ్చు. బస్సు బోర్డు వచ్చు, అదీ బస్సు నిలిస్తేనే. కానీ గుడ్డ ఇచ్చి సూడు. ఆరు గజాల సీరలో ఒక్క పోగు తెగుంటే కండ్లు మూసుకోని ఏలితో తడివి సెప్తా. నగిరిలో చౌడేశ్వరమ్మ మగ్గం గుడ్డ అంటే అంగట్లో మడత ఇప్పి సూసేవాడు లేడు. సరే, ఆ సంగతి కాదు గదా నువ్వడిగింది. ప్యాసేజీ. మా ఆయన ఈ ఇల్లు కట్టేటప్పుడు మీ ఇంటికీ మా ఇంటికీ నడుమ సందు ఇడిసినాడు. మేస్త్రీ ప్లానులో దానికి ప్యాసేజీ అని పేరు రాసినాడు, అప్పట్నించి మా నోట్లో అది ప్యాసేజీ. ఆ సందు లేకపోతే మా బతుకు లేదు. పడుగు నూలు చుట్టిన బీము ఇద్దురు మొగోళ్ళు మోస్తేగానీ లేయదు. ముందర వాకిట్లో అది తిరగదు. సందులో తీసకపోయి వెనక షెడ్డులో మగ్గానికి ఎక్కించాల. సందు మూసేస్తే బీము పోదు, బీము పోకపోతే గుడ్డ లేదు, మా ఆయన పోయినాక ముగ్గురు బిడ్డల్ని ఆ గుడ్డతోనే గదా సాకినా. ఇంగొకటి కూడా సెప్పాల, లేకపోతే నన్ను తిక్కదాన్ని అనుకుంటావు. మా పుట్టిల్లు పుత్తూరు. ఆడ మాకు కల్లం దొడ్డి ఉన్నింది. ఒక దినం ఎవురో వొచ్చి, 'టైటిలు మీ పేరున లేదు' అన్నారు. ఏందా టైటిలు, కంటితో సూసినోడు లేడు. ఆ ఒక్క మాటకి దొడ్డి పోయింది, మా నాయన మళ్ళా తలెత్తలా. పుత్తూరులో ఎముక ఇరిగితే కట్టు కట్టేవాండ్లు ఉండారు, దొడ్డి పోతే కట్టు కట్టేవాడు లేడు.

మీ దాదా ఇస్కూలు నించి రిటైరయి, ఇంటరు పిలకాయలకి మీ వసారాలో ఇంగ్లీషు ట్యూషను పెట్టినాడు. అప్పుడు కూడా ఏదో ఎంట్రెన్సే. ముప్పై మంది, ఆడా మొగా, చాపల మీద. పొద్దస్తమానం మా మగ్గాలు టకటకా కొడతా ఉంటే పక్కన పిడుగు పడినా నాకు వినపడదు. కానీ ఆ ఏడాది సాయంత్రం అయిదు నించి ఏడు దాకా కరెంటు తీసేస్తా ఉండ్రి. మగ్గాలు నిలిచిపోయేది, మీ దాదా గొంతు మొదలయ్యేది. ఆ గొంతు నీకు గుర్తుండాదో లేదో, గోడకి బొక్క పెట్టే గొంతు. సగం ఇంగ్లీషు, సగం తెలుగు. తెలుగు సగం వొచ్చి నా చెవిన పడేది. మొదటి దినం ఏమంటాడు? 'పిలకాయలూ, ఆన్సరు బయట ఎక్కడా వెతకొద్దు. ప్యాసేజీలోనే ఉంది!' నేను పోగు అతికేదాన్ని అట్లే నిలిచిపోయినా. మా ప్యాసేజీలో వీండ్ల ఆన్సరు ఏంది? చీటీలు దాచినారా? మర్సనాడు తెల్లార్తోనే కసువు ఊడ్చి మరీ ఎతికినా. ఒక తెగిన చెప్పు, నూలు లేని ఉత్త కండెలు రెండు, మీ దాదీ కోడి పెట్టిన గుడ్డు. గుడ్డు ఇచ్చేసినా. నేను అట్లాంటిదాన్ని కాదు.

రెండో దినం, 'ఒక్కసారికి అర్థం కాదు, రెండుసార్లు ప్యాసేజీలోకి పోయి రండి' అంటాడు. ముప్పై మంది రెండు తూర్లు అంటే అరవై తూర్లు! నా బీము ఎప్పుడు పోవాల? మూడో దినం, 'ప్యాసేజీలో ఉన్నదంతా మనదే, లేనిదాని జోలికి పోవద్దు' అంటాడు. ఇను మే, ఉన్నదంతా మనదే అంట! అయినా ఓపిక పట్టినా. ఆ తర్వాత ఒక దినం, 'రేపు అన్‌సీన్ ప్యాసేజీ, అందరూ రండి' అని ఇనపడె. మా ప్రతాపు అప్పుడు ఎనిమిదో తరగతి. 'అన్‌సీన్ అంటే ఏంది నాయనా?' అని అడిగినా. వాడు సన్నగా, 'కనపడంది మా' అన్నాడు. కంటి ముందర ఉండే ప్యాసేజీ కనపడకుండా ఎట్ల పోతాది? గోడ కడితేనే గదా! బయటికొచ్చి సూస్తే మీ వాకిట్లో ఇటికలు దించి ఉండాయి. అవి బాతురూముకంట. నాకెవురు సెప్పినారు?

అప్పుటికీ నోరు తెరవలా నేను. మర్సనాడు అన్నాడు సూడు. 'ఈ ప్యాసేజీకి మంచి టైటిల్ పెట్టాలి. ఎవరు పెడతారు? చేతులెత్తండి!' గోడ మీదనించి తొంగి సూసినా. ముప్పై చేతులు లేసినాయి మే! మా దొడ్డికి ఒక్కడు టైటిలు పెడితేనే పోయింది, ఈడ ముప్పై మంది! ఇంగ ఆగలా నేను. ఇద్దుర్ని పిలిచి బీము ఎత్తించి ప్యాసేజీకి అడ్డం పెట్టించినా, కొంగు నడుముకి దోపినా, మీ వసారాలోకి పోయినా. 'సాయిబూ, ప్యాసేజీ ఎవురిది?' అని అడిగినా. ఆయన నోరు తెరిచే లోపల ముందర వరసలో పిల్ల, భువనేశ్వరి అని, ఇప్పుడు తిరపతిలో పెద్ద ఉద్యోగం అంట, ఆ పిల్ల పుస్తకం తిప్పి సూసి, 'ఏ ప్యాసేజీ అత్తా? మొదటిదా, రెండోదా?' అనె. రెండుండాయా! 'రెండూ నావే!' అన్నా. దాని పక్కనోడు లేసి, శానా మర్యాదగా, 'రెండోది తిమింగలాలది అత్తా' అన్నాడు. తిమింగలాలంటే ఎవురు? నాకేం తెలుసు, ఇంటిపేరు అనుకుంటి. పులికాట్ తట్టు వాండ్లేమో, మీ దాదా వాండ్లకి అమ్మేసినాడేమో! 'ఆ తిమింగలాలోళ్ళని రమ్మను, నా ముందర నిలబడి మాట్లాడమను!' అని అరిసినా.

అప్పుడు నగినాడు మీ దాదా. ఊరకే కాదు. కండ్లద్దాలు తీసి పక్కన పెట్టినాడు. కడుపు పట్టుకున్నాడు. గోడకి ఆనుకోని, కండ్లలో నీళ్ళు కారేటట్టు నగినాడు. 'చౌడక్కా... చౌడక్కా...' అంటాడు, మాట రాదు, మళ్ళా నగుతాడు. ముప్పై మంది పిలకాయలు ఆయన్ని సూసి నగిరి. నువ్వు నగబాక! నీకూ ఆ పండ్లే వచ్చినాయి, ఆ సందు పండ్లు. నా ఒళ్ళు మండిపోయింది. 'సాయిబూ, ఇంగ నీ నోట్లోంచి ఒక్క తెలుగు మాట నా చెవిన పడగూడదు. పడితే మీ అల్లా మీద ఒట్టు, మా చౌడమ్మ తల్లి మీద ఒట్టు. ఈ ప్యాసేజీ నాదే అని నువ్వు ఒప్పుకునేదాకా నేను ఈ గడప తొక్కను' అని సెప్పి వొచ్చేసినా. తెలుగులో మాట్లాడగూడదు, ఒప్పుకోవాల, రెండూ ఎట్ల కుదరతాయని అడగబాక. కోపంలో ఎవురు సూసుకుంటారు?

ఆ పొద్దే ప్రతాపు అంతా ఇడమరిచి సెప్పినాడు. ప్యాసేజీ అంటే కాయితం మీద రాసింది, టైటిలు అంటే దానికి పేరు, తిమింగలం అంటే సముద్రంలో చేప. సరే, ఒప్పుకుంటి. తప్పు నాదే, అది ఒక సంగతి. మరి నేను అడిగినదానికి జవాబేది? ప్యాసేజీ ఎవురిదని ఒక ఆడమనిషి వాకిట్లో నిలబడి అడిగితే, 'నీదే అక్కా, భయపడబాక, ఇంటికి పో' అని సెప్పాల్నా, నగాల్నా? నగితే జవాబా? దొడ్డి పోయినోళ్ళకి తెలస్తాది ఆ బాధ. ఇరవై ఏండ్లు పిలకాయలకి కొశ్చన్లకి జవాబు రాసేది నేర్పిన మనిషి, నా ఒక్క కొశ్చనుకి జవాబు సెప్పలా.

మర్సనాటి నించి మొదలాయ. 'గుడ్ మార్నింగ్ చౌడమ్మా' అన్నాడు. చౌడమ్మ తెలుగు కాదా అని తగువుకి పోయినా. అప్పుట్నించి 'గుడ్ మార్నింగ్ మేడం'. నేనంటే ఎగతాళి. ఒక దినం మిద్దె మీద అద్దకం సీరలు ఆరేసి ఉంటే, మీ దాదా వీధిలో నిలబడి 'రెయిన్! రెయిన్!' అని చేతులాడిస్తా అరుస్తాడు. రైలు అనుకుంటి. నగిరిలో రైలు పోవడం కొత్తా? పోనీలే అని గమ్మునుంటి. నాలుగు సీరలు రంగు దిగిపోయినాయి. ఆ పొద్దు కూడా 'వాన' అని ఒక్క మాట అనలా సూడు! ఎంత పంతం!

మూడేండ్లకి, రంజాను పండగ నాడు, మీ దాదీ గోడ మీదనించి సేమ్యా గిన్నె ఇచ్చింది. ఏటా ఇస్తాది. ఆ ఏడు గిన్నె మూత మీద మడత పెట్టిన కాయితం. 'ఆయన ఇమ్మన్నాడు వదినా, ఏందో నాకూ తెలీదు' అనె. ఇప్పి సూస్తే ఇంగ్లీషు, టైపు కొట్టింది. ఇంగ్లీషులో టైపు కొట్టిన కాయితం ఇంటికొస్తే అదేంది? నోటీసు. ఆ మాత్రం తెలీదా నాకు? నోటీసు సదివితే అందినట్టు. సదవకపోతే అందనట్టు. సేమ్యా తిన్నా, సేమ్యా మీద నాకేం కోపం. కాయితం తీసి ట్రంకులో దాచిపెట్టినా. ప్రతాపుకి కూడా సూపలా. సూపితే వాడు సదివేస్తాడు గదా. రెండో నోటీసు కోసం కాసుకోని ఉన్నా, రాలా. భయపడినాడులే అనుకుంటి. అయితే ఆ పండగ నించి కొన్నాళ్ళు, నేను కనపడితే సాలు, ఆగి నిలబడి, 'మేడం, ఆన్సర్?' అని అడిగేవాడు. నేను మొగం మీదే 'నో!' అంటి. నాకొచ్చే ఇంగ్లీషు అదొకటి. రవంత సేపు నిలబడి పోయేవాడు. ఒక ఏడాది అడిగినాడు. తర్వాత అడగలా.

ఆయన పోయిన దినం కూడా నేను గడప తొక్కలా. ఒట్టు ఒట్టే. ఆయన్ని బయటికి తెచ్చేదాకా ప్యాసేజీలోనే నిలబడి ఉన్నా. మీ నాయన ఉబేదు సూసినాడు నన్ను, లోపలికి రమ్మని అనలా, వాడికి తెలుసు. మగ్గాలు మాత్రం ఆ దినం ఆపించినా.

ఏంది? ఆ కాయితం సూడల్నా? నీకెందుకు? ...ఇప్పుడు సదివితే అందినట్టు అవుతాదా? పోయినోడి నోటీసు చెల్లుతాదా? నిజ్జంగా చెల్లదా? ఉండు, తెస్తా.

ఇదో. మెల్లిగా ఇప్పు, మడతల కాడ చీకిపోయింది. ఏమే, అట్ల సూస్తావు? నోటీసు కాదా? ప్యాసేజా? దీంట్లో కూడా ప్యాసేజేనా! సరే, సదువు. తెలుగులో సెప్పు, ఆ ఒట్టు మీ దాదాకి, నీకు కాదు. ...ఒక ఊళ్ళో ఒక మాస్టరు. ఊఁ. పక్కింట్లో ఒక నేతామె. నేనే అది. మాస్టరుకి నోరు పెద్దది, బుద్ధి సన్నది. అట్ల రాసినాడా? తన గురించి తనే? నువ్వు కలిపి సెప్పలేదు గదా? సదువు, సదువు. ...రెండిండ్ల నడుమ సందు నేతామెది. మాస్టరుకి అది ఎప్పుడూ తెలుసు. ...మళ్ళా సెప్పు. ...ఇంగొక తూరి.

ఊఁ. కింద కొశ్చన్లా. ఒకటి, సందు ఎవురిది. మాస్టరుదా, నేతామెదా, కోడిదా, సెప్పలేమా. కోడి అంట! పండగ నాడు కూడా ఎగతాళి మానలా. రెండోది? మాస్టరు ఎందుకు నగినాడు. జవాబు పైన రాసుండాదా? ఏమని? ...ఇరవై ఏండ్లు పాఠం సెప్పినా, ప్యాసేజీని అంత ప్రాణంగా పట్టుకున్న మనిషిని మాస్టరు అదే మొదటి తూరి సూసింది. ఆ సంతోషం పట్టలేక నగినాడు.

...

ఇంగేమన్నా ఉండాదా? మూడోదా. సందు ఎడల్పు ఎంత. పైన ఎంతని రాసినాడు? మూడడుగులా? సరిగ్గా సూడు. మూడేనా? తప్పు! మూడున్నర. నేను మూరతో కొలిచినా, జానతో కొలిచినా, మా ఆయన టేపుతో కొలిచినాడు. మూడడుగుల్లో బీము తిరగతాదా? ఇద్దురు మొగోళ్ళు పడతారా? అర్ధ అడుగు ఎట్ల మింగతాడు? ఒప్పుకునేవాడు సక్కగా ఒప్పుకోవాల గదా. ఇది ఒప్పుకున్నట్టు కాదు. తప్పు కాయితం ఇది, దిద్దమని సెప్పు... దిద్దమని...

ఇట్లియ్యి. కాదు, పాత మడత మీదే మడువు. కొత్త మడత పడితే చినిగిపోతాది.