తాళం తిప్పే మనిషి

ఆత్మకూరు బయట ఖాళీ జాగాలో, మెకానిక్ షెడ్డువాళ్లకు డబ్బు ఇచ్చుకోలేక అతను నెల రోజులుగా ఒక్కడే తన లారీ ఇంజను విప్పి బిగించుకున్నాడు. ఆ దారిన మేకలు తోలుకుపోతున్న ఒకామెను కేకేసి పిలిచాడు.

"అక్కా, పైకెక్కి తాళం తిప్పుతావా? నేను కింద ఇంజను చూసుకోవాల."

"నీకెవురూ లేరా అబ్బయ్యా?"

"తమ్ముడుండాడు. వేరుపడి ఇంకో బండి కొనుక్కున్నాడు."

"పిలిస్తే రాడా?"

"పిలవలేదక్కా. కుడిపక్కకు తిప్పు."

ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారికి అందుకుంది. అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పలికిందబ్బయ్యా! ఇంక నేను దిగేదా?"

"కొంచెంసేపు కూర్చో అక్కా."

"మళ్లీ ఆగిపోతాదా ఏంది?"

"ఆగదు. మనిషితో మాట్లాడి శానా దినాలయింది."

ఆమె మేకల వైపు ఒకసారి చూసి, క్యాబిన్ తలుపు మూసుకుని కిటికీలోంచి తల బయటపెట్టింది.

"సరే, ఏం చెడిపోయిందో మొదట్నించీ చెప్పు."