గేటు మీద మనవరాలు

ఏమ్మా కలై, ఆ ఫోను అట్ట మొహానికి ఆనించుకోని కూర్చుంటే కళ్ళు పోతాయి, ఇట్టా వెలుతురులోకి రా. ఏంది, కాలేజీ అప్లికేషనా? అంతా ఫోన్లోనేనా ఇప్పుడు? శరి శరి. ఏమడగతా ఉండాడు, చదువు చూద్దాం. 'మీ గ్రామీణ నేపథ్యం గురించి మూడొందల మాటల్లో రాయండి'... ఓయమ్మా! నీకేం గ్రామం తల్లీ, కోడంబాక్కం స్టేషను వెనకాల పుట్టినదానివి, ఆవు అడ్డమొస్తే స్కూటీ దిగి ఏడిచినదానివి! ఏంది? అమ్మమ్మోళ్ళది పల్లెటూరే కదా, అదే రాయమన్నాడా మీ నాయన? రాయి రాయి. నమ్మేవాళ్ళు ఆడ కూర్చోనే ఉండారు. నాకు తెలీదా, ముప్పై ఒక్క సంవత్సరం అడ్మిషన్ ఆఫీసులో అటెండరు పని చేసినోడిని. ఏ కాలేజీ అనేది నీకు చెప్పను, నువ్వు ఆడికే వేస్తా ఉంటే నాకు పాపం తగులుతుంది. ఇప్పుడు మునియక్క ఉండి ఈ మూడొందల మాటలు వినుంటే, వక్కాకు నోట్లో పెట్టుకోని ఒక నవ్వు నవ్వేది చూడు, రైలు ప్లాట్‌ఫారం దాకా వినపడేది. ఎవురా? నీకెట్ట తెలుస్తుంది, నువ్వప్పుడు ఎల్‌కేజీలో ఉంటావు. కూర్చో, చెప్తా. ఆ ఫోను తిప్పి పెట్టు ముందర.

ఊత్తుకోట దాటి లోపలికి పోతే మనోళ్ళ ఊళ్ళు ఉండాయి, తెలుగే మాట్లాడతారు, ఇంటి బయట తమిళం, ఇంట్లో తెలుగు, మన మాదిరే. ఆడినించి వచ్చింది. అరవై దాటి ఉంటుంది అప్పటికే. పని ఏందంటే బాతులు మేపేది. నవ్వబాకు, మూడొందల బాతులమ్మా. కోతలైన మళ్ళల్లోకి తోలుకోని పోయి, పొద్దుగూకితే తోలుకోని వచ్చేది. ఆమె కూతురు చిన్న వయసులోనే పోయింది, అల్లుడు ఇంకోదాన్ని కట్టుకోని ఎట్టనో పోయినాడు, మనవరాలు ఒకటే మిగిలింది. జీవిత. ఆ పిల్ల ప్లస్ టూలో పన్నెండొందలకి వెయ్యిన్నూట అరవై, లెక్కల్లో రెండొందలకి రెండొందలు. తమిళ మీడియం, గవర్నమెంటు బడి. ఆ బడిలో ఒక టీచరమ్మ చెప్పిందంట, 'అవ్వా, ఇది మామూలు పిల్ల కాదు, మద్రాసులో ఫలానా కాలేజీలో బీకామ్ చేర్పించు, ఆడ చదివినోళ్ళకి ఉద్యోగాలు వెతుక్కోని వస్తాయి' అని. అంతే. మూడు బస్సులు మారి, వైరు బుట్టలో ముప్పై బాతుగుడ్లు పెట్టుకోని, పిల్లని వెంటబెట్టుకోని మా కౌంటరు కాడికి వచ్చేసింది.

అప్పుడు కాగితం ఫారమే. తమిళంలో కొంచెం, ఇంగ్లీషులో అంతా. నేను చదివి చెప్తా ఉండా, పిల్ల రాస్తా ఉండాది. 'హాబీ' అని ఒక గడి వచ్చింది. మునియక్క, 'అదేంది తమ్ముడా?' అనింది. తీరికగా ఉండేటప్పుడు చేసే పనిలేక్కా అన్నా. 'తీరికా?' అని పిల్లని చూసింది, పిల్ల నన్ను చూసింది. సరే, బాతులు మేపేదని రాయి పాపా అన్నా. రాసింది. మా సూపరింటెండెంటు శ్రీనివాసరావు గారు, గుంటూరు పక్క మనిషి, మంచోడే, రూల్సంటే ప్రాణం, కళ్ళజోడు ముక్కు మీదికి దించి ఏమన్నాడో తెలుసునా? 'ఇది హాబీ కాదండీ, వృత్తి అవుద్ది. ఫారం రిజెక్టయిపోద్ది.' అంతకుముందే ఒక పిల్ల వాళ్ళ డాడీతో వచ్చి హాబీ అంటే 'హార్స్ రైడింగ్' అని రాసింటే నోరు మూసుకోని సీలు కొట్టినాడు. గుర్రమెక్కితే హాబీ, బాతుల వెనకాల నడిస్తే వృత్తి! చివరికి 'పక్షుల పరిశీలన' అని రాయించినా. ఇంగ్లీషులో దానికేదో గొప్ప పేరుండాది, బెర్డ్ వాచింగ్. ఆయన కూడా 'ఆఁ, ఇది బాగుందండీ' అని సీలు కొట్టినాడు.

ఇంటర్వ్యూ రోజు చూడాల్నే నువ్వు! ముగ్గురు కూర్చున్నారు. ఒకాయన రిటైరైన పెద్దమనిషి, నిద్రపోతా ఉన్నాడు. ఇంకొకాయన ఏదో కంపెనీ నించి, వాచీ చూసుకుంటా. నడిమిన ఒక మేడము, చేనేత చీర, రూపాయంత బొట్టు. టీ పట్టుకోని నేను లోపలే తిరగతా ఉండా కాబట్టి అంతా విన్నా. బాతులనే మాట వచ్చిందా, ఇంక ఆ మేడముకు ఊపు వచ్చేసింది. 'ఓ, హౌ లవ్లీ! ఎన్ని బాతులు? పేర్లు పెట్టినారా వాటికి?' మూడొందలకి పేర్లు ఏ మారాజు పెడతాడమ్మా! పిల్ల పాపం ఆలోచించి, 'నో మేడమ్, ఓన్లీ కౌంటింగ్' అనింది. నాకు నవ్వాగలా. నలభై నిమిషాలు బాతులే. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, లెక్కల్లో రెండొందలు ఎట్ట తెచ్చుకున్నావని అడగలా. ఆఖరికి ఆ మేడము గొంతు తగ్గించి, జాలిగా మొహం పెట్టి, 'చిన్నప్పుడు ఆకలితో పడుకున్న రోజులు ఉండాయా జీవితా?' అనింది. జీవిత ఉన్నదున్నట్టు చెప్పేసింది, 'నో మేడమ్, డైలీ ఎగ్స్.' ఆ మేడము మొహం చూడాల అప్పుడు! గాలానికి పడిన చేప జారిపోయినట్టే. పేదపిల్లంటే కొంచెమన్నా ఆకలితో ఉండొద్దా మరి!

బయటికి వస్తానే ఫోటోగ్రాఫరు పట్టుకున్నాడు. పూలమొక్కల ముందర నిలబెట్టినాడు. పావడా దావణి, రెండు జడలు, బాగుండాది పిల్ల. ఇంటర్వ్యూ కోసరం అవ్వ కొత్త చెప్పులు కొనిచ్చి ఉంటే, 'అవి వద్దు, తీసెయ్, కాళ్ళు ఉత్తగా ఉంటేనే సహజంగా ఉంటుంది' అన్నాడు. లైబ్రరీలో నించి ఒక లావు పుస్తకం తెచ్చి చేతికిచ్చినారు. క్లిక్కు మనగానే లైబ్రరీ ఆయమ్మ లాక్కోనేసింది, 'మెంబరు కాదు కదా' అని. మార్కుల షీటు, టీసీ ఒరిజినల్సు మాత్రం మాకాడే పెట్టుకోని పంపించేసినాము.

లిస్టు వేసినారు. జీవిత పేరు లేదు. పల్లె పిల్లల కోటాలో సీటు ఎవురికి వచ్చిందంటావు? ఆ గుర్రం పిల్లకి. సముద్రం పక్కన ఈసీఆర్ రోడ్డులో వాళ్ళకి తోట ఉండాదంట, తోట పంచాయితీలో ఉంటే పల్లేనంట. ఫైలు మోసేది నేనే కదా, చూసినా. జీవిత పేరుకు ఎదురుగా 'ఎక్స్‌పోజర్ లేదు' అని రాసుండారు. అంటే ఏంది సార్ అని శ్రీనివాసరావు గారిని అడిగినా. 'బయట ప్రపంచం చూడలేదని అండీ' అన్నాడు. చూడనిస్తే కదా సార్ చూసేది, అనాలని నోటిదాకా వచ్చింది. అన్లా. నాకు పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల ఉండె అప్పుడు.

రెండు వారాలకి ఒరిజినల్సు తీసుకోని పోదామని మునియక్క ఒకతే వచ్చింది. వచ్చేటప్పటికి గేటు మీద, ఇద్దో ఈ మిద్దంత పొడుగు, బ్యానరు. జీవిత! ఉత్తకాళ్ళు, లావు పుస్తకం, రెండు జడలు. కింద 'పల్లె నించి ప్రపంచానికి, మా విద్యార్థిని' అని రాత. ఆయమ్మకు చదవను రాదు, మనవరాల్ని గుర్తుపట్టేదానికి చదువెందుకు? సీటు వచ్చేసిందనుకునింది. ఆఫీసులోకి ఎట్ట వచ్చిందనుకున్నావు, దూరంనించే కేక, 'తమ్ముడా! మా పాపని గేటు మీద పెట్టినారే!' అని. బుట్టలో గుడ్లు తీసి టేబులు టేబులుకు రెండు రెండు పెడతా ఉండాది. టైపిస్టుకు, క్యాషియరుకు, శ్రీనివాసరావు గారి ఫైలు మీద కూడా రెండు పెట్టింది. ఎవురూ తలెత్తలా. నేను గోడ చూస్తా నిలబడినా. ఆఖరికి ఆయనే చెప్పినాడు, 'అమ్మా, అది ఫోటో వరకేనండీ. సీటు రాలేదు.' ఆయమ్మకు అర్థం కాలా. 'ఆడ ఉండేది మా పిల్లే కదా?' 'అవునండీ.' 'కింద ఆ రాతలో మీ కాలేజీ పిల్లనే రాసుండారా, లేదా?' 'రాశారండీ.' 'అయితే క్లాసు ఏడ?' రూల్సు పుస్తకంలో దానికి జవాబు లేదు మరి.

ఏడవలేదమ్మా. అరవలేదు. గేటు బయట, బ్యానరు కింద కండవ పరుచుకోని కూర్చునింది. అప్పుడు కొత్త పిల్లోళ్ళు చేరే రోజులు, కార్లల్లో తల్లిదండ్రులు వస్తా ఉండారు. వచ్చినోళ్ళనల్లా మర్యాదగా పిలిచేది, 'అయ్యా, అమ్మా, ఇది నా మనవరాలు. ఈడనే చదవతా ఉండాదంట. లోపలికి పోతే కొంచెం చూసి, అవ్వ వచ్చి ఉండాదని చెప్పండి.' అంతే. అంతకుమించి ఒక్క మాట లేదు. వాళ్ళు లోపలికొచ్చి, 'ఆ బ్యానరు పిల్ల ఏ క్లాసు? వాళ్ళ అవ్వ పాపం ఎండలో కూర్చోనుండాది' అని కౌంటర్లో అడిగేది. ఒకరా ఇద్దరా! మొదటి దినం నవ్వుకున్నారు. రెండో దినం ప్రిన్సిపాలమ్మ కాడికి ఫోన్లు. మూడో దినం పొద్దన్నే బ్యానరు దించేదానికి ఇద్దరు నిచ్చెన తెచ్చినారు. మునియక్క లేచి నిచ్చెన కాళ్ళకాడ నిలబడింది. 'దింపేటప్పుడన్నా మమ్మల్ని అడుగుతారా, లేదా?' వాళ్ళు దిగేసినారు.

అప్పుడు నన్ను పంపినారు. 'ఆరోగ్యసామీ, మీ భాషే కదా, ఎట్టైనా పంపించెయ్.' పోయినా. అక్కా, పెద్దోళ్ళతో మనకెందుకక్కా, లేయ్, అన్నా. నా గొంతు నాకే అసహ్యంగా ఉండె. ఆయమ్మ కండవ మీద పక్కకు జరిగి, 'కూర్చో తమ్ముడా, మూడు దినాలుగా చూస్తా ఉండా, నువ్వు నిలబడే ఉండావు' అనింది. ముప్పై ఒక్క ఏండ్లలో ఆ కాలేజీలో నన్ను కూర్చోమన్న మనిషి ఆయమ్మ ఒకతే. కూర్చున్నా. యూనిఫారంతోనే. పది నిమిషాలు ఉండుంటా. ఆ పది నిమిషాలకి మెమో ఇచ్చినారు, లోపల పెట్టెలో ఉండాది, మా ఇంటామె, మీ చెల్లమ్మ అవ్వ, అడిగితే చూపిస్తుంది.

ఆమా, అవును, సీటు ఇచ్చినారు. 'ప్రత్యేక పరిశీలన' అంట, దానికీ ఒక పేరు. ఇష్టపడే ఫోటో దిగినట్టు మునియక్క కాడ వేలిముద్ర వేయించుకోని ఇచ్చినారు. ఆడితో కత అయిపోయిందనుకున్నావా? జీవిత చేరింది సరే. క్లాసులో అందరూ 'బ్యానర్ గర్ల్' అనేవాళ్ళు. ఎవురు పెద్దోళ్ళు వచ్చినా ప్రిన్సిపాలమ్మ పిల్లని పిలిపించి, బాతుల గురించి చెప్పు అనేది. కోతి ఆట మాదిరి. ఆ పిల్లకి ఒళ్ళు మండి, కోపం ఎవురి మీద చూపిస్తుంది? అవ్వ మీదే. నెలకొకసారి మునియక్క గుడ్లు తీసుకోని గేటుకాడికి వస్తే, 'అన్నా, నాలుగు గంటలు దాటినాక రమ్మనండి, అందరూ పోయినాక' అని నాతో చెప్పి పంపేది. నేను చెప్పకుండా గడియారం పక్క చూసినా. ఆయమ్మే అర్థం చేసుకునింది. 'దానికి సిగ్గుగా ఉంటుందిలే తమ్ముడా. నన్ను చూసి సిగ్గుపడేంత పెద్ద చోటికి పోయింది గదా, పోనీ' అని గోడ పక్కన నీడలో కూర్చోనేది, నాలుగు దాకా. నువ్వు తల దించుకోబాకు కలై, నిన్ను కాదులే నేను అనేది.

మూడో సంవత్సరం యాన్యువల్ డే. జీవిత పేరు మైకులో పిలిచినారు, 'నా ప్రయాణం' అని మాట్లాడాలంట, కాగితం కూడా వాళ్ళే రాసిచ్చినారు. పిల్ల లేదు. మళ్ళీ పిలిచినారు. వెతకరా అని నన్ను తరిమినారు. ఏడ ఉండాది? గేటు బయట, ఫుట్‌పాత్ మీద, అవ్వ పక్కన చక్కలముక్కలేసుకోని, ఒకే డబ్బాలో చెయ్యి పెట్టి పెరుగన్నం తింటా ఉండాది. పట్టపగలు, కార్లు ఆగిపోతా, అందరూ చూస్తా. నన్ను చూసి, 'అన్నా, నేను కనపడలేదని చెప్పండి' అనింది. పోయి చెప్పినా. ఉద్యోగంలో నేను చెప్పిన ఒకే అబద్ధం అనను గానీ, బాగా చెప్పింది మాత్రం అదే.

ఇప్పుడు ఏదో బ్యాంకులో పెద్ద పోస్టులో ఉండాదంట, బెంగుళూరులో. ఉంటుంది. లెక్కలొచ్చిన పిల్ల.

మునియక్కా? ఆ యాన్యువల్ డే తరవాతి ఎండాకాలం పోయింది. జ్వరమని పడుకునింది, లేవలా. జీవిత ఫోన్ చేసింది, 'అన్నా, రేపు పదిగంటలకి ఎత్తతారు' అని. అడ్మిషన్ల టైము, గేటు బయట దాకా క్యూ. లీవు ఫారం తీసుకోని శ్రీనివాసరావు గారి కాడికి పోయినా. ఆయన చూసి, 'బంధుత్వం కాలమ్ ఖాళీగా ఉందండీ. ఆమె మీకేమవుద్ది?' అన్నాడు. ఎకసెక్కానికి కాదు, నిజంగానే అడిగినాడు పాపం. పెన్ను పట్టుకోని నిలబడినా. వెనకాల టోకెన్లకి జనం అరస్తా ఉండారు. అక్క అని రాస్తే రుజువు కావాలంటారు. తెలిసినామె అని రాస్తే లీవు లేదు. ఏమవుతుందని రాసేది... ఆ ఫారం కూడా ఆ పెట్టెలోనే ఉండాది, ఆ గడి ఖాళీగానే.

...

మబ్బు పట్టేసినాదే. మిద్దె మీద మీ అమ్మ బట్టలు ఆరేసిందా? పో, పో, తీసుకోని రా ముందర.